ముందు కంచం, తర్వాతే ట్యాంకు



ఈ రోజు మీలో చాలామంది బండికి పెట్రోలు పోయించుకునే ఉంటారు. ఐదు లీటర్లు పోయించుకున్నారనుకుందాం. అందులో అచ్చమైన పెట్రోలు నాలుగు లీటర్లే. ఐదో లీటరు ఇథనాల్. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే ఇప్పుడు మన బంకుల్లో దొరుకుతోంది.

ఆ ఒక్క లీటరు ఇథనాల్ ఎక్కడి నుంచి వచ్చింది? చెరకు నుంచి వచ్చి ఉండొచ్చు. మొక్కజొన్న నుంచి వచ్చి ఉండొచ్చు. బియ్యం నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ తీస్తారు. టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్లు వస్తుంది. అంటే లీటరు ఇథనాల్ కావాలంటే రెండుంబావు కిలోల బియ్యం పోయాలి. మక్కలైతే రెండున్నర కిలోల పైన పోయాలి.

ఇదే లెక్క అటు నుంచి చూద్దాం. ఆహార భద్రత చట్టం కింద ఒక మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం ఇస్తారు. ఆ ఐదు కిలోల బియ్యాన్ని ఇథనాల్ చేస్తే ఎంత వస్తుంది? రెండుంబావు లీటర్లు. మనిషికి నెల రేషను, బండికి రెండుంబావు లీటర్లు. ఈ లెక్క ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఇవాళ్టి ప్రసంగమంతా దీని చుట్టూనే.

అలాగని జీవ ఇంధనం వద్దని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. అది కావాలి. మనం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి దేశాల నుంచే కొంటున్నాం. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ ఆటో కిరాయి పెరుగుతుంది. మన పొలంలో పండినదాని నుంచి, మన పొలంలో మిగిలినదాని నుంచి కొంత ఇంధనం తీసుకోగలిగితే మంచిదే. రైతుకూ ఇంకో కొనుగోలుదారు దొరుకుతాడు. అందుకే మన దేశం 2018లో జాతీయ జీవ ఇంధన విధానం తెచ్చింది. పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలపాలన్నది లక్ష్యం. మొదట 2030 గడువు పెట్టుకున్నారు. 2022లో ఆ గడువును 2025-26కు ముందుకు జరిపారు. 2014లో ఒకటిన్నర శాతం దగ్గర ఉన్న మిశ్రమం ఇప్పుడు ఇరవై శాతానికి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు.

మరి చిక్కు ఎక్కడ? చెబుతాను. కంచంలోకి వెళ్లే గింజా, ట్యాంకులోకి వెళ్లే గింజా ఒకటే అయినప్పుడు చిక్కు మొదలవుతుంది. అప్పుడు రెండింటికీ పోటీ. ఆ పోటీలో బండి ఉన్నవాడు ఎప్పుడూ గెలుస్తాడు. కూలి చేసుకుని తినేవాడు ఎప్పుడూ ఓడతాడు.

మెక్సికోలో 2007 జనవరిలో ఏం జరిగిందో వినండి. అక్కడ మొక్కజొన్న రొట్టె తింటారు. టోర్టియా అంటారు. మనకు అన్నం ఎలాగో వాళ్లకు అది అలాగ. పక్కనున్న అమెరికాలో మొక్కజొన్న ఇథనాల్ ఫ్యాక్టరీలకు మళ్లింది. మొక్కజొన్న ధర పెరిగింది. దాంతో పాటు టోర్టియా ధర కూడా పెరిగిపోయింది. వేలాది మంది మెక్సికో నగరం వీధుల్లోకి వచ్చారు. అమెరికా బండ్లకు ఇంధనం కావాలనుకుంటే మెక్సికోలో రొట్టె ప్రియమైంది. అదొక్కటే కారణం కాదు. అయినా అది పెద్ద కారణం.

అంత దూరం ఎందుకు, మన ఇంటి సంగతే చూద్దాం. ఏ కోళ్ల ఫారానికైనా వెళ్లండి. దాణా కలిపే చోట నిలబడండి. ఒక పక్కన సోయా పిండి ఉంటుంది. ఇంకో పక్కన గవ్వల పొడి, మందులు. అన్నిటికంటే పెద్ద కుప్ప మక్కలది. దాణాలో సగానికి పైగా మక్కలే. మక్కల ధర పెరిగితే దాణా ధర పెరుగుతుంది. దాణా ధర పెరిగితే గుడ్డు ధర పెరుగుతుంది. గుడ్డు ఎవరు తింటారు? అందరూ తింటారు. అంగన్‌వాడీలో చిన్నపిల్లలు తింటారు. బడిలో మధ్యాహ్న భోజనంలో తింటారు. మాంసం కొనలేని ఇంట్లో ప్రొటీన్ అంటే గుడ్డే.

2023-24 సంవత్సరంలో ఇథనాల్‌కు అన్నిటికంటే పెద్ద ముడిసరుకు మొక్కజొన్నే అయింది. నూటికి 40 వంతులకు పైగా ఇథనాల్ మక్కల నుంచే వచ్చింది. ఏమైంది? అంతకు ముందు ఏటా లక్షల టన్నుల మక్కలు ఎగుమతి చేసిన దేశం, 2024లో మయన్మార్ నుంచి, ఉక్రెయిన్ నుంచి దిగుమతి చేసుకుంది. కోళ్ల రైతులు దాణా ధర చూసి గగ్గోలు పెట్టారు. మక్కల రైతు మాత్రం సంతోషించాడు. అతనికి మంచి ధర వచ్చింది. అది అన్యాయం అని నేను అనను. మక్కల రైతు కూడా మనవాడే. ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి కూడా దాణాగా పనికొస్తుంది. అదీ నిజమే. కానీ మూడు పాళ్ల మక్కలు పోతే, తిరిగి దాణాగా వచ్చేది దాదాపు ఒక పాలు.

అయితే ఏం చేయాలి? ఇవాళ నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. ఆ మాట మన ఊరి చెరువే మనకు నేర్పింది.

చెరువుకు తూము ఉంటుంది. తూము దగ్గర నీరుగంటి ఉంటాడు. తెలంగాణలో నీరటి అంటారు. చెరువు నిండితే తూము ఎత్తుతాడు. ఆయకట్టు మొత్తానికి నీళ్లు పారతాయి. నీళ్లు తగ్గితే? ఎవరికి తోచినట్టు వాళ్లు తూము ఎత్తరు. ఊరంతా కూర్చుని ముందే మాట అనుకునేవారు. ఈ ఏడు ఇంత నీరు ఉంది, ఇంత ఆయకట్టుకే ఇద్దాం అని. రాయలసీమ ఊళ్లలో దీన్ని దామాషా అనేవారు. నీరు బాగా కిందికి దిగితే తూము దించేసేవారు. మిగిలిన నీళ్లు పశువులకు. ఈ తీర్మానం ఎప్పుడు జరిగేది? నాట్లు వేశాక కాదు. నాట్లకు ముందే.

దేశంలోని ధాన్యం నిల్వను కూడా ఒక చెరువు అనుకోండి. ఇథనాల్ ఫ్యాక్టరీకి పోయే గింజ తూములోంచి పోయే నీరు. చెరువు నిండినప్పుడు తూము ఎత్తండి. తగ్గినప్పుడు దించండి. ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి అన్నదానికి ఒక గుర్తు పెట్టండి. ఆ గుర్తు నాట్లకు ముందే అందరికీ తెలియాలి. అంతే. ఇదే నా మాట.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 2011లో పది అంతర్జాతీయ సంస్థలు కలిసి జి-20 దేశాలకు ఒక నివేదిక ఇచ్చాయి. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ అందులో ఉంది. ప్రపంచ బ్యాంకు ఉంది. జీవ ఇంధనానికి ఇచ్చే రాయితీలు, ఇంత శాతం కలిపి తీరాలనే నిబంధనలు తీసేయమని అవి సలహా ఇచ్చాయి. అది కుదరకపోతే, ఆహార ధరలు పెరిగినప్పుడు ఆ నిబంధనలను సడలించే ఏర్పాటు ముందుగానే చేసుకోమన్నాయి. తూము దించే ఏర్పాటు అన్నమాట.

బ్రెజిల్‌లో ఆ ఏర్పాటు ఉంది. 1975 నుంచి చెరకు ఇథనాల్ కార్యక్రమం నడుపుతున్న దేశం అది. పెట్రోలులో ఎంత కలపాలన్నది అక్కడ ప్రభుత్వం పరిస్థితిని బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. 2011లో చెరకు దిగుబడి తగ్గింది. ఇథనాల్ కొరత వచ్చింది. వెంటనే 25 శాతం నుంచి 20 శాతానికి దించారు. పంట కుదుటపడ్డాక, 2013లో మళ్లీ 25కి పెంచారు. దించినందుకు ఎవరూ చిన్నబోలేదు. పెంచినందుకు పండగా చేసుకోలేదు.

మరి మన దగ్గర? మన విధానంలోనూ తూము ఉంది. 2018 విధానం ఏమంటుంది? ధాన్యం అవసరానికి మించి ఉంటుందని వ్యవసాయ శాఖ అంచనా వేసిన ఏడాదిలోనే ఆ మిగులును ఇథనాల్‌కు ఇవ్వొచ్చు. జాతీయ జీవ ఇంధన సమన్వయ కమిటీ అనుమతి ఉండాలి. మాట బాగుంది. తూము ఉంది. నీరుగంటి ఉన్నాడు. లేనిదల్లా గుర్తు. ఇంత నిల్వ దాటితేనే మిగులు, బజారులో ధర ఇంత దాటితే ఆపు, అని అంకె వేసి చెప్పలేదు.

గుర్తు లేకపోతే ఏమవుతుంది? వినండి. 2023 జులైలో బియ్యం ధరలు పెరుగుతున్నాయి. ఆ నెలలోనే తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. ఇథనాల్ ఫ్యాక్టరీలకు భారత ఆహార సంస్థ, అంటే ఎఫ్.సి.ఐ., బియ్యం కూడా ఆపేశారు. ఆపడం తప్పు కాదు. కానీ ఫ్యాక్టరీలు నడుస్తుండగా మధ్యలో ఆపారు. దాంతో అవి మక్కల మీద పడ్డాయి. మక్కల ధర పెరిగింది. కోళ్ల రైతు మీద పడింది. అదే ఏడాది డిసెంబరు 7న చెరకు రసం నుంచి ఇథనాల్ తీయొద్దన్నారు. పంచదార కొరత వస్తుందని భయం. అప్పటికే గానుగ మొదలైంది. తర్వాత పది రోజులైనా కాకముందే కొంత సడలించారు. 2024లో ఆ ఆంక్షలు తీసేశారు. బియ్యం మళ్లీ ఇచ్చారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2024-25లో ఎఫ్.సి.ఐ. గోదాముల్లో బియ్యం పొంగిపొర్లింది. ఉండాల్సిన బఫర్ నిల్వకు రెండింతలకు పైగా ఉంది. తూము బాగా ఎత్తారు. ఆ ఏడాది ఇథనాల్‌కు 52 లక్షల టన్నుల బియ్యం కేటాయించారు. క్వింటాలు 2,250 రూపాయలకు ఇచ్చారు. అదే బియ్యం సేకరించి, మర ఆడించి, నిల్వ చేసేసరికి ఎఫ్.సి.ఐ.కి క్వింటాలుకు 3,900 పైనే ఖర్చవుతుంది. మిగతా భారం ఖజానాది. అంటే మనది.

ఆ సంవత్సరం మక్కలూ బాగా పండాయి. ఫ్యాక్టరీలకు బియ్యం దొరికేసరికి మక్కలకు గిరాకీ తగ్గింది. 2025 వానాకాలం పంట వచ్చేసరికి మద్దతు ధర క్వింటాలుకు 2,400. మన దగ్గరా, కర్ణాటకలోనూ చాలా మార్కెట్లలో ధర అంతకంటే కిందికి పడిపోయింది. ఇథనాల్‌కు మక్కలు కావాలంటున్నారు కదా అని వేసిన రైతు మార్కెట్ యార్డులో కుప్ప పోసుకుని కూర్చున్నాడు.

గమనించారా? ఒక ఏడాది కోళ్ల రైతు నష్టపోయాడు. ఇంకో ఏడాది మక్కల రైతు నష్టపోయాడు. తూము ఎత్తినందుకూ దించినందుకూ కాదు. ఎప్పుడు ఎత్తుతారో ఎప్పుడు దించుతారో ముందుగా తెలియనందుకు. మళ్లీ చెబుతున్నాను. తూము ఉంటే చాలదు. గుర్తు ఉండాలి. ఆ గుర్తు విత్తనం వేయకముందే రైతుకు తెలియాలి.

ఆ గుర్తు ఎలా ఉండాలి? నాకు తోచింది చెబుతాను. బియ్యం విషయంలో గోదాము నిల్వ గుర్తుగా ఉండాలి. బఫర్ నిల్వకు ఇన్ని రెట్లు దాటితే ఇంత ఇస్తాం, దానికి దిగువకు వస్తే గింజ కూడా ఇవ్వం, అని చెప్పాలి. మక్కల విషయంలో బజారు ధర గుర్తుగా ఉండాలి. మద్దతు ధరకు దగ్గరగా ఉన్నంతకాలం ఫ్యాక్టరీలు కొనుక్కోవచ్చు. అంతకు మించి బాగా పెరిగితే ఆ ఏడు కలిపే శాతం కొంత తగ్గించాలి. ఇరవై అన్నది పద్దెనిమిదో పదిహేనో అయితే కొంపలేమీ మునిగిపోవు. కంచంలో తగ్గితే మాత్రం పిల్లలు బక్కచిక్కుతారు. ఈ రెండు గుర్తులూ వానాకాలం సాగుకు ముందు, మే నెలలో ప్రకటించాలి. రేడియోలో చెప్పాలి. రైతు సేవా కేంద్రం గోడ మీద రాయాలి.

ఇది గింజ సంగతి. ఇప్పుడు ఇంకో ప్రశ్న. అసలు గింజే ఎందుకు? తినేదాని నుంచి కాక, మిగిలినదాని నుంచి ఇంధనం తీయలేమా? తీయొచ్చు. తీస్తున్నారు. మన హైదరాబాద్‌లోనే చూడొచ్చు.

సికింద్రాబాద్ దగ్గర బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఉంది. తెల్లవారుజామున లారీలు వస్తాయి. పొద్దెక్కేసరికి సరుకు వెళ్లిపోతుంది. మిగిలేది చెత్త. క్యాబేజీ పై ఆకులు, చితికిన టమాటాలు, వాడిపోయిన కొత్తిమీర, ముల్లంగి ఆకు, మెత్తబడిన వంకాయలు. రోజుకు సుమారు పది టన్నులు. ఇంతకుముందు అదంతా లారీకెక్కి డంపింగ్ యార్డుకు పోయేది. ఇప్పుడు అక్కడే ప్లాంటు ఉంది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐ.ఐ.సి.టి. అంటాం, వాళ్ల పరిజ్ఞానంతో కట్టారు. చెత్తను ముక్కలు చేస్తారు. మెత్తగా రుబ్బుతారు. గాలి తగలని ట్యాంకులోకి పంపుతారు. అక్కడ సూక్ష్మజీవులు దాన్ని గ్యాస్‌గా మారుస్తాయి. ఆ గ్యాస్‌తో రోజుకు దాదాపు 500 యూనిట్ల కరెంటు వస్తుంది. మార్కెట్‌లో దీపాలు వెలుగుతున్నాయి. నీళ్ల మోటారు నడుస్తోంది. కొంత గ్యాస్‌తో క్యాంటీన్‌లో వంట అవుతోంది. చివరికి మిగిలిన మడ్డి ఎరువవుతోంది. ఎవరి కంచంలోంచీ ఒక్క మెతుకు తీయలేదు. ఇదీ అసలైన జీవ ఇంధనం.

ఇంటి స్థాయిలో గోబర్ గ్యాస్ కూడా ఇదే పని చేస్తుంది. మూడు నాలుగు పశువులుంటే రోజుకు 50 కిలోల పేడ వస్తుంది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటు నడుస్తుంది. ఒక కుటుంబం వంటకు సరిపోతుంది. పేడ ఎక్కడికీ పోదు. గ్యాస్ ఇచ్చాక మడ్డిగా బయటికి వచ్చి, మళ్లీ చేలోకే వెళుతుంది.

వరిగడ్డి నుంచి కూడా ఇథనాల్ తీస్తున్నారు. హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టులో ఒక ప్లాంటు ప్రారంభమైంది. ఏటా రెండు లక్షల టన్నుల వరిగడ్డి నుంచి మూడు కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలని దాని లెక్క. అక్కడ గడ్డి తగలబెడితే ఢిల్లీ దాకా పొగ కమ్ముతుంది. కాబట్టి అది మంచి ఆలోచనే. అయితే గింజ నుంచి తీసినంత తేలిక కాదు. ఖర్చెక్కువ. గడ్డి పోగుచేయడం, మోపు కట్టడం, తడవకుండా దాచడం, ఇదంతా పెద్ద పని.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దీన్ని వ్యర్థం వ్యర్థం అంటుంటాం. వరిగడ్డి నిజంగా వ్యర్థమా? గేదె ఉన్న ఇంట్లో అడగండి. ఎండాకాలం గడ్డివాము ఎంత విలువైనదో వాళ్లు చెబుతారు. నేలకు కూడా గడ్డి కావాలి. వరిగడ్డిలో పొటాష్ బాగా ఉంటుంది. ఉన్న గడ్డంతా ఏటా చేలోంచి తరలిస్తే ఆ పొటాష్‌ను మళ్లీ బస్తాల్లో కొనుక్కోవాలి. కనుక వరుస ఇలా ఉండాలి. ముందు పశువుకు. తర్వాత నేలకు. ఆ రెండూ తీరాక మిగిలింది ఇంధనానికి. యాసంగిలో హార్వెస్టరు కోసి వదిలేసిన గడ్డి, రైతు నిప్పు పెట్టే గడ్డి, అది ఇవ్వండి. పొలంలో తగలబెట్టే పత్తి కట్టె ఇవ్వండి. పశువు నోటి దగ్గరి గడ్డి ఇవ్వకండి.

గింజ మనిషికి, కాండం ఇంధనానికి అనే ఆలోచన కూడా మన దగ్గర ఉంది. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తీపి జొన్న మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కంకి కోసుకుని జొన్నలు తినొచ్చు. కాండం పిండితే చెరకులా తియ్యటి రసం వస్తుంది. దాని నుంచి ఇథనాల్ తీయొచ్చు. పిప్పి పశువులు తింటాయి. చెరకు కంటే చాలా తక్కువ నీటితో పండుతుంది. చిక్కేమిటంటే, కాండం కోసిన వెంటనే గానుగ ఆడాలి. ఆలస్యమైతే తీపి తగ్గిపోతుంది. పంట కొద్ది వారాలే ఉంటుంది. ఫ్యాక్టరీ ఏడాదంతా నడవాలి. అందుకే అది ఇంకా పెద్దగా నిలదొక్కుకోలేదు. ఊళ్లోనే రసం తీసి, మరిగించి, పాకంగా దాచే చిన్న గానుగలకు ప్రభుత్వం చేయూతనిస్తే ఈ పంటకు మంచి రోజులొస్తాయి. ఇలాంటి వాటికి రాయితీ ఇవ్వండి. తినే గింజను కాల్చడానికి కాదు.

ఇప్పుడు భూమి సంగతి. ఇరవై ఏళ్ల కింద అడవి ఆముదం అని ఒక మొక్క గురించి ఊరూరా చెప్పారు. జట్రోఫా. బంజరులో పెరుగుతుంది, నీళ్లు అక్కర్లేదు, మేకలు తినవు, గింజల నుంచి డీజిల్ వస్తుందన్నారు. అది తిండి గింజ కాదు కనుక ఆహారానికి పోటీ లేదన్నారు. వినడానికి బాగుంది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ కోటీ ముప్పై నాలుగు లక్షల హెక్టార్లలో వేయొచ్చని చెప్పింది. ఏమైంది? నీళ్లు పెట్టని చోట కాపు రాలేదు. కాపు రావాలంటే నీళ్లు, ఎరువు పెట్టాలి. అవి పెట్టే భూమి ఉంటే రైతు కందులే వేసుకుంటాడు. పథకం చప్పబడిపోయింది.

దానికంటే పెద్ద పాఠం ఇంకొకటి ఉంది. కాగితంలో బంజరు అని రాసిన భూమి ఊళ్లో బంజరు కాదు. అక్కడ గొర్లు మేస్తాయి. సీతాఫలాలు ఏరుకుంటారు. పొయ్యిలోకి పుల్లలు తెచ్చుకుంటారు. భూమి లేనివాడి భూమి అదే. దాన్ని మొత్తంగా ఇంధన పంటకు ఇచ్చేస్తే గొర్లకాపరి ఎక్కడికి పోవాలి? ఇప్పుడు ఈ ప్రశ్న మళ్లీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర దివాకరపల్లిలో బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాస్ తీస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటివి 500 రావాలన్నది ప్రణాళిక. ప్రకాశం లాంటి కరువు జిల్లాకు పని దొరికితే మంచిదే. బీడుకు కౌలు వస్తే రైతుకు మంచిదే. కానీ నేపియర్ పశుగ్రాసం కూడా. కనుక ఒప్పందంలో రెండు మాటలు ముందే రాసుకోవాలి. మేత పొలం కొంత విడిగా ఉంచాలి. కరువు వచ్చిన ఏడు గడ్డిలో కొంత పశువులకు ఇవ్వాలి. ఇక్కడా తూమే. ఇక్కడా గుర్తే.

భూమి ఊరి చేతుల్లో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో పాత ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ చూపించింది. అది చిన్న ఆదివాసీ గూడెం. అక్కడి మహిళా సంఘం కానుగ చెట్లు పెంచింది. గింజల నుంచి నూనె తీసింది. ఆ నూనె డీజిల్ బదులు వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్క కట్టారు. అందుకు 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు ఇచ్చింది. పెద్ద మొత్తం కాదు. అయినా చెట్లు వాళ్లవి. నూనె తీసిన గానుగా వాళ్లదే. పిండి వాళ్ల చేలకే వెళ్లింది. ఎవరి పంటనూ తీసేయలేదు. కానుగ చెట్టు చేను గట్టునో, వాగు ఒడ్డునో పెరుగుతుంది కదా.

చివరగా నీరు. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదిక ఒక లెక్క చెప్పింది. చెరకు నుంచి లీటరు ఇథనాల్ రావాలంటే సుమారు 2,860 లీటర్ల నీరు ఖర్చవుతుంది. చెరకు అంత నీరు తాగుతుంది. బోర్ల మీద బతికే జిల్లాలో ఇంధనం కోసం చెరకు పెంచితే, మనం బండిలో పోసుకునేది భూగర్భ జలమే. ఫ్యాక్టరీ ఎక్కడ పెడుతున్నారన్నదీ చూడాలి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కారు. మా నీళ్లు, మా గాలి, మా చేలు ఏమవుతాయన్నది వాళ్ల భయం. ఆ ప్రశ్నకు జవాబు ఫ్యాక్టరీ కట్టకముందే, గ్రామసభలో, తెలుగులో చెప్పాలి. గోడలు లేచాక కాదు.

శ్రోతలారా, ఇంతవరకు చెప్పినదాన్ని ఒకసారి క్లుప్తంగా మళ్లీ చెబుతాను. జీవ ఇంధనం కావాలి. కానీ దానికి వరుస ఉండాలి. ముందు మనిషి కంచం. తర్వాత పశువు గాడి. తర్వాత నేల. ఆ మూడూ తీరాక ఇంధనం. గింజ ఇవ్వాల్సి వస్తే, నిల్వను బట్టి, ధరను బట్టి ఇవ్వాలి. ఎంత దాకా ఇస్తారో, ఎక్కడ ఆపుతారో అంకె వేసి, సాగుకు ముందే చెప్పాలి. కూరగాయల చెత్త, పేడ, తగలబెట్టే గడ్డి, పత్తి కట్టె, వీటికి ఎక్కువ సాయం చేయాలి. తినే గింజకు తక్కువ చేయాలి.

ఇందులో ప్రభుత్వం చేయాల్సింది ఉంది. మీరు చేయాల్సిందీ ఉంది. మీ ఊళ్లో గ్యాస్ ప్లాంటో, ఇథనాల్ ఫ్యాక్టరీయో వస్తోందంటే గ్రామసభకు తప్పకుండా వెళ్లండి. ముడిసరుకు ఏమిటని అడగండి. నీళ్లు ఎక్కడివని అడగండి. మేత భూమి ఎంత మిగులుతుందని అడగండి. జవాబులు తీర్మానంలో రాయించండి. మక్కలు వేసే రైతులు, ఇథనాల్ కంపెనీ కొంటుందన్న నోటిమాట నమ్మి చేనంతా మక్కలే వేయకండి. కొంత కంది వేయండి. కొంత జొన్న వేయండి. హార్వెస్టరు కోశాక గడ్డికి నిప్పు పెట్టకండి. మోపు కట్టించి అమ్మండి, లేదా అక్కడే కలియదున్నండి. పశువులున్నవాళ్లు గోబర్ గ్యాస్ గురించి మీ మండల కార్యాలయంలో కనుక్కోండి.

బండి ఒక రోజు ఆగితే నడిచి వెళ్లొచ్చు. పొయ్యి ఒక పూట ఆగకూడదు. విధానం రాసే ప్రతి ఒక్కరూ ఈ మాట ముందు పెట్టుకుని రాయాలి. అలా రాసేదాకా అడగడం మన వంతు.